గన్నవరం నుంచి వైజాగ్: గంట ఫ్లైటా, నాలుగు గంటల వందే భారతా, ఏది మేలు?

టికెట్ బుక్ చేసేటప్పుడు విజయవాడ–వైజాగ్ ఫ్లైట్ గంటే అని కనిపించగానే చాలామంది రైలు ఊసే ఎత్తరు. ఆ గంట నిజమే. కానీ అది విమానం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా మాత్రమే, ఇంటి నుంచి ఇంటికి లెక్క వేసుకుంటే సంగతి వేరుగా ఉంటుంది.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా కొలిస్తే దూరం సుమారు 290 కిలోమీటర్లు, పట్టాల మీద 350. ఏటీఆర్ లాంటి చిన్న విమానం గంటకి 500 కిలోమీటర్ల దాకా వెళ్తుంది కాబట్టి 35 నిమిషాల్లో దిగిపోవాలి కదా అనిపిస్తుంది, కానీ రన్‌వే దాకా వెళ్ళడం, పైకి ఎక్కడం, దిగే ముందు వేగం తగ్గించుకోవడం అన్నీ కలిపి గంట పడుతుంది. దూరం ఇంత తక్కువైతే పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే.

ఇప్పుడు విజయవాడ బెంజి సర్కిల్ నుంచి వైజాగ్ మద్దిలపాలెం వెళ్ళాలనుకోండి. గన్నవరం ఎయిర్‌పోర్టు చేరడానికి 40 నిమిషాలు, సెక్యూరిటీ, బోర్డింగ్ కోసం గంటంబావు ముందుండాలి, గంట ప్రయాణం, లగేజీకి 20 నిమిషాలు, అక్కణ్ణుంచి ఊళ్ళోకి ఇంకో 40. మొత్తం నాలుగు గంటలు! వందే భారత్ అయితే రైల్లోనే నాలుగు గంటల పైచిలుకు, రెండు వైపులా ఆటో, కాస్త ముందుగా స్టేషన్‌కి చేరడం కలుపుకుంటే ఐదుంబావు. అంటే ఫ్లైట్‌తో మిగిలేది గంటంబావు, అదీ అన్నీ టైముకి జరిగితేనే. డిసెంబర్, జనవరి ఉదయాల్లో గన్నవరంలో పొగమంచు పడితే ఆ గంటంబావు కూడా చేతికి రాదు.

వైజాగ్ విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి నడిస్తే లెక్క ఇంకా మారుతుంది. అది ఊరికి సుమారు 45 కిలోమీటర్లు, కాబట్టి వైజాగ్ వాళ్ళకి ఆ మిగిలిన సమయం దాదాపు పోయినట్టే. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి మాత్రం అది పెద్ద సదుపాయం, వాళ్ళు ఫ్లైటే చూసుకోవాలి.

అందుకే నా ఓటు రైలుకే. 2023 సంక్రాంతికి మొదటి వందే భారత్, 2024 మార్చిలో రెండోది వచ్చాక టైము కుదరలేదనే ఇబ్బంది చాలావరకు తీరింది. చైర్ కార్ ధర ఒకేలా ఉంటుంది, ఫ్లైట్ టికెట్ చివరి రోజుల్లో ఎక్కడికి పోతుందో చెప్పలేం. పైగా ఆ నాలుగు గంటలూ కుదురుగా కూర్చుని పని చేసుకోవచ్చు, ఫ్లైట్‌లో సమయమంతా క్యూలకీ క్యాబ్‌లకీ ముక్కలైపోతుంది. పెద్దవాళ్ళతో వెళ్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరి దాటడం ఒక్కటి చాలు నాకు, అది సమయం లెక్కలోకి రాదనుకోండి.

తక్కువ ఖర్చులో కావాలంటే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉంది, ఆరు గంటలు పడుతుంది కానీ అనకాపల్లి, దువ్వాడల్లో ఆగుతుంది, గాజువాక వైపు వెళ్ళేవాళ్ళకి వందే భారత్ కన్నా అదే నయం.

వైజాగ్ నుంచి ఇంకో విమానం ఎక్కాల్సి ఉండి, రెండూ ఒకే టికెట్ మీద ఉంటే ఫ్లైట్ తీసుకోండి. ఆ పని లేకపోతే రైలు బుక్ చేసుకోండి, పండగ రోజులకైతే 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన రోజే.