బాగుచేసిన ఎంజీబీనా, తుప్పు పట్టినదా?

బ్రిటన్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) కొనాలనుకునేవారికి ఈ సందేహం తప్పదు.

ధర: బాగుచేసిన కారుకు ఒకేసారి ఎక్కువ ఇవ్వాలి. తుప్పు పట్టినది చవక. కానీ వెల్డింగు, రంగు, సీట్ల పని కలిపితే మొత్తం ఖర్చు తరచుగా మొదటిదాని ధరను మించిపోతుంది.

శ్రమ: మొదటిది ఈ వేసవిలోనే నడపవచ్చు. రెండోదానికి గ్యారేజీ, ఓపిక, ఏళ్ల సమయం కావాలి.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే. ఈ కారుకు విడి ఛాసిస్ (బాడీని మోసే కింది చట్రం) లేదు. బాడీ బలమంతా తలుపుల కింది సిల్స్ వంటి భాగాల మీదే ఆధారపడుతుంది. మెరిసే రంగు కింద తుప్పును పుట్టీతో కప్పేసి ఉండవచ్చు. పని జరుగుతున్నప్పటి ఫోటోలు, బిల్లులు చూపలేని అమ్మకందారుకు నేనైతే బయానా ఇవ్వను. తుప్పు పట్టిన కారులో లోపాలు చాలావరకు కళ్లెదుటే ఉంటాయి.

విడిభాగాలు: రెండింటికీ ఇబ్బంది లేదు. కొత్త బాడీ షెల్ కూడా దొరుకుతుంది. 1798 సీసీ ఇంజిన్ సాదాసీదాది.

నడపడమే ఆనందమైతే, ఆధారాలున్న బాగుచేసిన కారు. విప్పి బిగించడం ఇష్టమై, వెల్డింగు కూడా చేతనైతే రెండోది. వెల్డింగు బయట చేయించాల్సి వస్తే మాత్రం మొదటిదే తీసుకోండి.