పలక దిద్దించాలా, కథ చదివి వినిపించాలా? చిన్నపిల్లలకు ఏది మేలు?

జూన్‌లో బడి తెరవగానే తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "టీచరుగారూ, రాత్రి అన్నాలయ్యాక అరగంట దొరుకుతాది. పలక పట్టించమంటారా, కథల పుస్తకం చదవమంటారా?" శ్రీకాకుళం జిల్లాలో ఒకటి, రెండు తరగతులకు చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ఈమధ్య మా మనవరాలికి నాలుగో ఏడు నిండింది. దాంతో మా ఇంట్లోనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

దిద్దించడాన్ని నేను తీసిపారేయను. చూసి గుర్తుపెట్టుకున్న అక్షరం కన్నా చేత్తో రాసిన అక్షరం గట్టిగా నిలుస్తుంది. ప, వ, మ పక్కపక్కన పెడితే రెండో తరగతి పిల్లలు కూడా తడబడతారు. ఎక్కడ మూయాలో, ఎక్కడ తెరిచి ఉంచాలో వేలు తిరిగితేనే తెలుస్తుంది. గుణింతం ఒకసారి పట్టుబడితే తెలుగులో రాసింది రాసినట్టే చదువుకోవచ్చు. పైగా నిన్న 'అ' వచ్చింది, ఇవాళ 'ఆ' వచ్చింది అని తల్లికి కంటికి కనబడుతుంది. ఆ తృప్తి చిన్నదేమీ కాదు.

చిక్కల్లా మనం మొదలుపెట్టే వయసుతోనే. బలపం సరిగ్గా పట్టుకోలేని మూడేళ్ల పిల్లతో యాభై ఆరు అక్షరాలూ వరసగా దిద్దిస్తాం. 'ఙ' దగ్గరికి వచ్చేసరికి పిల్లకు ఏడుపు, తల్లికి టెన్షన్. ఆ అక్షరంతో పిల్లకు తెలిసిన మాట ఒక్కటీ ఉండదు.

చదివి వినిపించడం అలా కాదు. దాని ఫలితం నెలల తరబడి బయటికి కనబడదు, అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. అయినా నేను దానివైపే ఉన్నాను. దానికి కారణం మన పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగే.

మన ఇళ్లలో పిల్లలు "నానెల్తాను", "ఆడొచ్చీసినాడు", "బేగి రా" అంటూ పెరుగుతారు. నిండైన తెలుగు అది. కానీ పుస్తకంలో "నేను వెళ్తాను", "వాడు వచ్చేశాడు", "త్వరగా రా" అని ఉంటుంది. పిల్ల "త్వ... ర... గా" అని కూడబలుక్కుని మూడు అక్షరాలూ సరిగ్గానే చదువుతుంది. చదివి నా మొహం చూస్తుంది. ఆ మాట ఎన్నడూ చెవిన పడలేదు కాబట్టి తాను చదివింది ఏమిటో తనకే తెలియదు. అదే 'వల' అని చదివిన చేపల రేవు పిల్లాడు చటుక్కున తలెత్తి నవ్వుతాడు. అక్షరాలు కూడబలుక్కుంటే వచ్చే చప్పుడు ముందే విన్న మాటతో కలవాలి, అప్పుడే అది చదవడం. ఆ వినికిడి పలక ఇవ్వలేదు, రాత్రి పక్క మీద విన్న కథ ఇస్తుంది. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడుకునే పిల్లలకైతే ఇది మరీ అవసరం.

అలాగని ఇంటి మాటను వెక్కిరించి సరిదిద్దకండి. మాట్లాడే భాషకు పుస్తకాల్లో చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డ మనిషి ఆయన.

పోయిన దసరాకి విజయనగరం వెళ్లి పైడితల్లమ్మ సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర, చూసి వచ్చాం. ఏం చూశావమ్మా అంటే మా మనవరాలు "పూజారిగారు మాను మీద కూకున్నారు, తెల్ల ఏనుగు ముందెల్లింది" అంది. ఆ మాటలే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను. 'కూకున్నారు' అనే రాశాను. మర్నాటి నుంచి వేలు పెట్టి అదే చదువుతోంది. వారం తిరక్కుండా తనే పలక తెచ్చి 'మాను' ఎలా రాయాలో చూపించమంది. దిద్దడం ఆ రోజు మొదలైంది, ఏడుపు లేకుండా.

చదివేటప్పుడు లైను కింద వేలు జరపండి. పేజీ తిప్పే ముందు ఆగి "ఇప్పుడేటవుద్ది?" అని అడగండి. అడిగిన కథే పదిసార్లు అడిగితే పదిసార్లూ చదవండి. ఆరో సారికి మీరు ఒక మాట తప్పు చదివితే పిల్లే పట్టేస్తుంది.

"మా ఇంట్లో చదువొచ్చినవాళ్లు లేరు కదండీ" అంటారు కొందరు. తండ్రి చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్‌లో, తల్లి పలాసలో జీడిపిక్కల పనిలో, పిల్ల మామ్మ దగ్గర. ఇలాంటి ఇళ్లు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. మామ్మ నోటితో కథ చెప్పినా చాలా మేలే. వరస పట్టుకోవడం, తర్వాత ఏమవుతుందో ఊహించడం, కొత్త మాటలు అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకం తెలుగు మాత్రం దొరకదు. దానికి నాలుగో తరగతి అన్నయ్య రోజూ రెండు పేజీలు పైకి చదివితే సరిపోతుంది, వాడి చదువూ సాగుతుంది. తండ్రి ఫోన్ చేసినప్పుడు ఆ కథ పిల్ల చేత చెప్పించండి.

ఫోన్‌లో అక్షరాల వీడియోలు వంట చేసుకునేంతసేపు పనికొస్తాయి, అంతే. పిల్ల అడిగినదానికి వీడియో బదులు చెప్పదు. నాలుగేళ్లకు ట్యూషన్ వద్దు.

ఐదు నిండాక రెండూ కలపండి: పదిహేను నిమిషాలు కథ, ఐదు నిమిషాలు పలక. పలక మీద వర్ణమాల వరస కాకుండా, ఆ రోజు కథలో పిల్లకు నచ్చిన ఒక్క మాట రాయించండి. కథల పుస్తకాలకు డబ్బులు లేవని ఆగిపోవద్దు. బడి లైబ్రరీ పుస్తకాలు అడిగి తీసుకెళ్లండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. ఫోన్ పిల్ల చేతికి ఇవ్వకుండా, మీ చేతిలోనే ఉంచుకుని చదవండి.