గుమ్మం పైన చూడాల్సినవి: నెల్లూరు, ఉదయగిరి, భైరవకోన

గుమ్మాల పైని శిల్పం కోసమే వెళ్లేవాళ్లకు నెల్లూరులో ఒక పూట చాలు. మిగతా సమయం ఉదయగిరికీ భైరవకోనకీ ఉంచుకోండి.

పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం దూరం నుంచే బాగుంటుంది. ఇలాంటి గోపురాల్లో కింది భాగం రాయి, పై అంతస్తులు ఇటుక, బొమ్మలు గచ్చువి. బొమ్మ చేతుల్లో పెట్టిన ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే గచ్చు పగులుతుంది, అందుకే ముందుగా చేతులే రాలతాయి. పూత మీద పూత వేసే ఎనామిల్ రంగు లోపలి తేమను బయటికి పోనివ్వదు, నగల అంచుల్నీ పూడ్చేస్తుంది. విష్ణ్వాలయాల్లో ద్వారబంధం పై పట్టె నడుమ గజలక్ష్మి కోసం వెతకండి. చాలా గుడుల్లో దాన్ని వెండి తొడుగు కప్పేస్తుంది, అదొక నష్టం. బస చాలినన్ని రకాల్లో దొరికేది ఇక్కడే.

ఆత్మకూరు మీదుగా ఉదయగిరి సుమారు 100 కి.మీ., ఆర్టీసీ బస్సులున్నాయి. లాడ్జీలు తక్కువ, గది చూశాకే డబ్బు కట్టండి. కోట కొండ ఎత్తు 3,079 అడుగులు. తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి, మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉండాలి. గుడి గుమ్మాన్నీ మసీదు కమానునీ పోల్చి చూడటానికి ఇదే చోటు. అడ్డంగా పెట్టిన రాతి దూలం బరువుకు వంగలేదు, అడుగు వైపు నడుమ చీలుతుంది. అందుకే గుడి గుమ్మాలు ఇరుకు. కమాను బరువును పక్క గోడలకు తోసేస్తుంది, కాబట్టి వెడల్పుగా తెరవొచ్చు.

నా లెక్కన అన్నిటికన్నా భైరవకోనే మేలు. సీతారాంపురం మీదుగా వెళ్లొచ్చు. ఎనిమిది గుహాలయాలనూ కొండరాతిలోనే తొలిచారు, విడిగా పెట్టిన పై దూలమంటూ లేదు. కొన్ని గుహల ముఖాన చూరులా ముందుకొచ్చిన కపోతం, దాని మీద గుర్రపు లాడం ఆకారంలో చెక్కిన అలంకారాలు (వీటిని కూడులు అంటారు) కనిపిస్తాయి. ఏడు గుహలు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. అందుకని ఉదయం 9లోపు చేరాలి. ఎండ నడినెత్తికెక్కితే చెక్కడం చదునుగా కనబడుతుంది, అప్పుడు టార్చి ఎదురుగా కాక పక్క నుంచి వేయండి. కార్తీక పౌర్ణమి, శివరాత్రి రోజుల్లో జనం మధ్య గుమ్మం ముందు నిలబడి చూడటం కుదరదు. భోజనం వెంట తీసుకెళ్లండి. సాయంత్రం తిరుగు బండి దొరకడం కష్టం, ఆటో మాట్లాడుకునేటప్పుడే రానూపోనూ, ఆగే సమయంతో కలిపి బేరం తేల్చుకోండి.