మైవోట్ విస్కాన్సిన్: సైట్ బాగుంది, తంటా అంతా కవరు దగ్గరే

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2024లో సెనేటర్ ట్యామీ బాల్డ్విన్ సీటు నిలబెట్టుకున్నది సుమారు 29 వేల ఓట్ల తేడాతో. అంతకు రెండేళ్ల ముందు ఇక్కడి ఇంకో సెనేటర్ రాన్ జాన్సన్ గట్టెక్కింది కూడా 27 వేల లోపు తేడాతోనే. ఇలాంటి చోట ఒక్క గడి ఖాళీగా వదిలినందుకు ఓటు చెల్లకుండా పోతే కడుపు మండదా? ఓటర్ల కోసం రాష్ట్ర ఎన్నికల కమిషన్ నడిపే మైవోట్ సైట్‌ని ఆ లెక్కనే చూడాలి.

పేరు, పుట్టిన తేదీ కొడితే నమోదు ఉందో లేదో, పోలింగ్ కేంద్రం ఎక్కడో, బ్యాలెట్ మీద ఎవరెవరున్నారో వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ గొడవ లేదు. కొత్తగా నమోదయ్యేవాళ్లు ఆగిపోయేది ఒక్కచోటే: లైసెన్స్ మీది అడ్రసు డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు) రికార్డులో పాతదే ఉంటే ఆన్‌లైన్ ఫారం ముందుకు కదలదు. ముందు అక్కడ మార్చుకుని రావాలి. ఆన్‌లైన్ గడువు ఎన్నికకు 20 రోజుల ముందే అయిపోతుంది. దాటిపోయినా కంగారు అక్కర్లేదు, పోలింగ్ రోజు బూత్‌లోనే నమోదు చేస్తారు. అడ్రసు రుజువుకి కరెంటు బిల్లో బ్యాంకు స్టేట్‌మెంటో ఫోన్‌లో చూపించినా చాలు.

పోస్టల్ బ్యాలెట్ అడగడమూ తేలికే. ఐడీ ఫొటో తీసి పెడితే చాలు, అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. అసలు చిక్కు బ్యాలెట్ ఇంటికొచ్చాక. ఇంట్లో వేసే ఓటుకు ఒక సాక్షి ఉండాలి. ఖాళీ బ్యాలెట్ సాక్షికి చూపించి, ఆయన ఎదుటే, కానీ ఆయన కంటబడకుండా ఓటు వేసి, మడిచి, కవరు అంటించి సంతకం చేయాలి. కింద సాక్షి సంతకం, పేరు, ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు. ఆ సాక్షి 18 ఏళ్లు నిండిన అమెరికా పౌరుడై ఉండాలి. మనవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. హెచ్1బీ మీదున్న భార్య, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు పక్కనే ఉన్నా వాళ్ల సంతకం పనికిరాదు. సైట్‌లో ఈ మాట ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

కవరు పోలింగ్ రోజు రాత్రి 8 గంటలకల్లా చేరాలి. పోస్టాఫీసు ముద్ర తేదీని ఎవరూ చూడరు. కనీసం వారం ముందే పోస్టులో పడేయండి. చేరిందో లేదో సైట్‌లోనే చూసుకోవచ్చు, కాకపోతే ఊళ్లో ఎన్నికల పని చూసే క్లర్క్ ఎక్కించేదాకా అది మారదు. రాష్ట్రంలో ఉన్నది 1,850 మంది దాకా మున్సిపల్ క్లర్కులు, చిన్న ఊళ్లలో చాలామంది పార్ట్‌టైమ్ వాళ్లే. అనుమానముంటే ఫోన్ చేయడమే మేలు. ఫలితాల కోసం మాత్రం ఇక్కడ వెతకొద్దు, ఆ రాత్రి అంకెలు కౌంటీ సైట్లలో వస్తాయి.

ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. సాక్షి దొరకడం కష్టమైతే, ఎన్నికకు ముందు రెండు వారాల్లో క్లర్క్ ఆఫీసుకే వెళ్లి వేసేయండి. వేళలు ఊరిని బట్టి మారతాయి, బయల్దేరే ముందు సైట్‌లో చూసుకోండి. అక్కడ సాక్షి సంతకం ఆఫీసువాళ్లే పెడతారు.