ఒడెస్సా, సెవాస్తోపోల్: ఒకే సైన్యం కాపాడిన రెండు పోర్టులు (2013 ట్రిప్)

ముందే చెప్పేస్తున్నా, ఇది 2013 ఎండాకాలం నాటి సంగతి, అప్పటికి క్రిమియా ఇంకా ఉక్రెయిన్‌లోనే ఉంది, డాలర్‌కి 8 హ్రివ్నాలు వచ్చేవి, ఎంబీబీఎస్ చదువుకునే మాలాంటి వాళ్లు సెలవులిస్తే బ్యాగ్ తగిలించుకుని రైలెక్కేసేవాళ్లం. 2014లో రష్యా క్రిమియాని కలిపేసుకున్నాక అంతా మారిపోయింది, 2022 నుంచైతే ఒడెస్సా మీద మళ్లీ బాంబులు పడుతున్నాయి. కాబట్టి రేపెళ్లి చూసొద్దామనుకునే వాళ్లకి ఇది పనికిరాదు. కానీ న్యూస్‌లో ఆ ఊళ్ల పేర్లు విన్నప్పుడల్లా మా వాళ్లు "నువ్వు చూశావు కదా, ఎలా ఉండేది" అని అడుగుతుంటారు, అందుకే రాస్తున్నా.

మేం ఉండేది క్రిమియాలోని సింఫెరోపోల్‌లో. అక్కణ్ణుంచి సెవాస్తోపోల్ ఎలక్ట్రిచ్కాలో (లోకల్ కరెంటు రైలు) రెండు గంటల దూరమే, ఒడెస్సాకైతే ఒక రాత్రి ప్రయాణం. అయినా నేను పట్టుబట్టి ముందు ఒడెస్సాకే తీసుకెళ్లాను, ఎందుకంటే ప్రిమోర్‌స్కయా ఆర్మీ, అంటే సోవియట్ తీర సైన్యం, 1941లో ముందు ఒడెస్సాని కాపాడింది, ఆ తర్వాత ఓడలెక్కి సెవాస్తోపోల్‌కి వచ్చింది. అదే వరసలో చూస్తే తప్ప ఆ సైన్యానికి ఏమైందో మనసుకెక్కదు.

ఒడెస్సా స్టేషన్‌లో దిగగానే గది కావాలా అంటూ అట్టముక్కలు పట్టుకుని బామ్మలు నిలబడి ఉంటారు. హాస్టల్ కన్నా వీళ్ల ఇళ్లే నయం అని సీనియర్ అన్న ముందే చెప్పాడు, నిజమే. మాకు దొరికిన ఇల్లు ప్రివోజ్ మార్కెట్ దగ్గర పాత కట్టడం, గది శుభ్రంగా ఉంది, వంటింట్లో అన్నం వండుకోనిచ్చారు, అది చాలదూ మనకి. వేడినీళ్లు మాత్రం పొద్దున ఒక పూటే. ప్రివోజ్‌లో టమాటాలు, పచ్చిమిరపకాయలు కొని పచ్చడి చేసుకున్నాం, ఆ ఇంటి బామ్మ ఒక్క ముద్ద తిని మంచినీళ్ల చెంబు ఖాళీ చేసేసింది పాపం.

పొటెంకిన్ మెట్లు (192), డెరిబాసోవ్‌స్కయా వీధి, ఒపేరా హౌస్ అందరూ చూసేవే, బాగుంటాయి, వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు. మేం వెళ్లింది 411వ బ్యాటరీ (తీరం కాపలా ఫిరంగుల స్థావరం) మెమోరియల్‌కి. ఊరికి దక్షిణాన, మార్షృత్కాలో (షేర్ వ్యాన్) వెళ్లాలి, చాలాసేపు పడుతుంది, మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు. బయట మైదానమంతా ట్యాంకులు, ఫిరంగులు, ఒక సబ్‌మెరైన్ కూడా పెట్టారు, పిల్లలు వాటి మీదెక్కి ఆడుతుంటారు. తెలుసుకోవాల్సిందేంటంటే ఆ బ్యాటరీకి ఉన్న అసలు 180 మిల్లీమీటర్ల ఫిరంగుల్ని సైన్యం వెళ్లిపోయేటప్పుడు తనే పేల్చేసింది, ఇప్పుడక్కడున్నవన్నీ తర్వాత తెచ్చిపెట్టినవే. కాబట్టి ఫోటోల కోసం కాకుండా లోపల మ్యూజియం కోసం వెళ్లాలి. అప్పట్లో టికెట్ తక్కువే, బోర్డులన్నీ రష్యన్‌లోనే, భాష రాకపోతే సగం పోయినట్టే.

ఒడెస్సా ముట్టడి 73 రోజులు సాగింది, ఆగస్టు 5 నుంచి అక్టోబర్ 16 దాకా. చుట్టుముట్టింది ఎక్కువగా జర్మనీ పక్షాన ఉన్న రుమేనియా సైన్యం. ఊరికి నీళ్లొచ్చేది డ్నీస్టర్ నది ఒడ్డున బెల్యాయెవ్కా పంపింగ్ స్టేషన్ నుంచి, అది శత్రువు చేతిలో పడేసరికి ఊళ్లో బావులు తవ్వారు, నీళ్లకి రేషన్ కార్డులు పెట్టారు. ట్యాంకులు లేకపోతే ఫ్యాక్టరీ వాళ్లు ట్రాక్టర్లకే ఇనుప రేకులు బిగించి యుద్ధానికి పంపారు, వాటికి 'నా ఇస్పుగ్' అని పేరు, అంటే బెదిరించడానికి అని. ఇదంతా చదువుతుంటే సైన్యం అంటే యూనిఫాం వేసుకున్నవాళ్లు మాత్రమే కాదనిపించింది, ఊరు ఊరంతా సైన్యమే అయ్యింది.

ఇంక వాళ్లు వెళ్లిపోయిన తీరు చూడండి. జర్మన్లు క్రిమియా మీదకొస్తున్నారు, సెవాస్తోపోల్ పోతే నల్లసముద్రం నౌకాదళానికి నిలువ నీడ ఉండదు, అందుకని ఒడెస్సా వదిలేయమని ఆర్డర్ వచ్చింది. పెద్ద పెద్ద దళాల్ని ముందునుంచీ పంపుతూ చివరి రాత్రి ఒక్కటే సుమారు 35,000 మందిని ఓడలెక్కించారు, ఎదురుగా ఉన్నవాళ్లకి ట్రెంచ్‌లు ఖాళీ అయ్యాయని వెంటనే తెలియను కూడా తెలియలేదు. అక్టోబర్‌లోనే కమాండ్ తీసుకున్న జనరల్ ఇవాన్ పెత్రోవ్ నడిపించాడు. మ్యూజియంలో దీన్ని విజయంగానే చూపిస్తారు, సైనికంగా అది నిజమే.

కానీ నేను అక్కడితో ఆగమని ఎవరికీ చెప్పను. సైన్యం వెళ్లిన వారానికే, అక్టోబర్ 22న రుమేనియా మిలిటరీ హెడ్‌క్వార్టర్స్ పేలింది, దానికి ప్రతీకారంగా వేలాదిమంది యూదుల్ని ఉరితీశారు, కాల్చారు, గోడౌన్లలో పెట్టి తగలబెట్టారు. ప్రోఖోరోవ్‌స్కయా స్క్వేర్‌లో వాళ్ల స్మారకం ఉంది, మాలయా అర్నావుత్‌స్కయా వీధిలో చిన్న హోలోకాస్ట్ మ్యూజియం ఉంది, చూపించినావిడ ఎంత ఓపిగ్గా చెప్పారో. ఓడల్లో చోటు సైన్యానికి, ఊళ్లో మిగిలింది జనం. 411 చూసినవాళ్లు ఇది కూడా తప్పకుండా చూడాలి, లేకపోతే సగం కథే తెలుస్తుంది.

తిరుగు రైలు ప్లాట్స్‌కార్త్ (మన స్లీపర్ లాంటిది) బోగీ, కిటికీ తెరుచుకోలేదు, రాత్రంతా ఉక్కపోత, టీ మాత్రం వేడిగా గాజుగ్లాసులో తెచ్చిచ్చారు. సెవాస్తోపోల్‌లో బస మాత్రం నచ్చలేదు. ఫోన్‌లో ఒక రేటు చెప్పి దిగాక ఇంకో రేటు అన్నారు, ఫారినర్లని మా దగ్గర కాగితాలు రెండుసార్లు అడిగారు, ఫ్యాన్ లేదు. ఊరు మాత్రం ఎంత బాగుంటుందో, తెల్లటి రాతి బిల్డింగులు, గ్రాఫ్‌స్కయా రేవు నుంచి ఉత్తర ఒడ్డుకి చిన్న లాంచీలు, రేటు కూడా అప్పట్లో బస్ టికెట్ అంతే, సాయంత్రం అందులో అటూ ఇటూ తిరిగితే చాలు మనసు తేలికపడుతుంది.

పనోరమా (గుండ్రటి హాలు గోడల నిండా వేసిన యుద్ధ చిత్రం) అద్భుతమే కానీ అది 1854-55 ముట్టడిది. సపున్ కొండ మీద అలాంటిదే డయోరమా 1944లో ఊరిని తిరిగి గెల్చుకున్నది. 1941-42 ముట్టడి కోసం వెళ్లినవాళ్లు ఈ రెండిటిలోనే టైమంతా పెట్టేస్తే అసలుది మిస్సవుతారు. ఇన్‌కెర్మాన్ రాతి గనుల్లో ఆసుపత్రి పెట్టి, బట్టలు కుట్టే ఫ్యాక్టరీ పెట్టి, జనం నెలల తరబడి నేల కింద బతికారు, మెడికల్ స్టూడెంట్లం కదా, ఆ చీకట్లో ఆపరేషన్లు ఎలా చేశారో అని దాని గురించే రాత్రంతా మాట్లాడుకున్నాం.

అసలు చూడాల్సింది ఖెర్సొనెస్ కొమ్ము (సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల) మీద 35వ బ్యాటరీ. అప్పట్లో ఎంట్రీ ఫ్రీ, గైడ్‌తోనే లోపలికి పంపుతారు, గుంపు అయ్యేదాకా ఆగాలి, చలి స్వెట్టర్ పట్టుకెళ్లండి, లోపల బాగా చల్లగా ఉంటుంది. ఇక్కడే ఆ సైన్యం అంతమైంది. 250 రోజులు పట్టు విడవకుండా నిలబడ్డారు, మూడో దాడిలో జర్మన్ జనరల్ మాన్‌స్టైన్ 800 మిల్లీమీటర్ల డోరా ఫిరంగి కూడా తెచ్చాడు, జూన్ చివరికి వీళ్ల దగ్గర ఫిరంగి గుండ్లు అయిపోయాయి. జూన్ 30 రాత్రి పెద్ద కమాండర్లకి వెళ్లిపోమని పర్మిషన్ వచ్చింది, అడ్మిరల్ ఒక్త్యాబ్ర్‌స్కీ విమానంలో, పెత్రోవ్ సబ్‌మెరైన్‌లో వెళ్లారు. మేజర్ జనరల్ ప్యోత్ర్ నోవికోవ్‌ని వెనక ఉంచారు, ఆయన పట్టుబడి జర్మన్ క్యాంపులోనే చనిపోయాడు. ఆ కొమ్ము మీద వేలు, పదుల వేలమంది ఓడలొస్తాయని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయారు, పెద్ద ఓడలేవీ రాలేదు. ఒడెస్సాలో అంత పద్ధతిగా జరిగిన పని ఇక్కడ ఎందుకు జరగలేదు అంటే ఆకాశం పూర్తిగా జర్మన్లదైపోయింది, ఓడ పంపితే మునగడమే. అది కారణం, నిజమే. కానీ కమాండర్లు ముందు వెళ్లిపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, మాకు చూపించిన గైడ్ కూడా దాన్ని దాచకుండా చెప్పారు, అందుకే ఈ మ్యూజియానికి నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులేస్తా. చివర్లో పాంథియోన్ అనే గుండ్రటి చీకటి గదిలో వాళ్ల ముఖాలు ఒక్కొక్కటిగా చూపిస్తారు, పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల వాళ్లే ఎక్కువ కనిపించారు, మా బ్యాచ్‌లో ఏడవనివాళ్లు లేరు.

2022లో ఒడెస్సాలో చదువుతున్న మన పిల్లలు చాలామంది మాల్దోవా దాటి రుమేనియా వెళ్లి అక్కణ్ణుంచి విమానాలెక్కారు. 2023 జనవరిలో యునెస్కో ఊరి పాత భాగాన్ని వారసత్వ జాబితాలో పెట్టింది, అదే జూలైలో క్షిపణి దాడిలో పెద్ద కెథీడ్రల్ దెబ్బతింది. ఎప్పటికైనా దార్లు తెరుచుకుంటే మాత్రం ఒడెస్సాకి ఎక్కువ రోజులు పెట్టుకోండి, బస స్టేషన్ దగ్గర బామ్మల ఇళ్లలో చూసుకోండి, సెవాస్తోపోల్‌లో రేటు ముందే రాయించుకోండి, 35వ బ్యాటరీకి పొద్దున్నే మొదటి గుంపులో వెళ్లండి.