గ్రాండ్ టెస్ట్ తరువాతి బయాలజీ చర్చా తరగతి: ఒక సమీక్ష

మా అమ్మాయి చదువుతున్న విజయవాడలోని ఒక నీట్ (వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష) శిక్షణ కేంద్రంలో, ప్రతి గ్రాండ్ టెస్ట్ (మొత్తం సిలబస్‌పై పెట్టే నమూనా పరీక్ష) తరువాత సందిగ్ధమైన బయాలజీ ప్రశ్నలపై చర్చా తరగతి నిర్వహిస్తారు. తల్లిదండ్రులు కూడా వెనుక వరుసలో కూర్చుని వినవచ్చు. నీట్‌లోని 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కనుక, రెండు రకాలుగా అర్థమయ్యే ఒక్క ప్రశ్న 5 మార్కుల తేడా తేగలదు.

ఈ తరగతిలో నాకు బాగా నచ్చినది, కీని, అంటే సరైన జవాబుల పట్టికను, ముందుగా చేతిలో పెట్టకపోవడం. లెక్చరర్ ప్రశ్నను బోర్డు మీద రాసి, ఏ ఆప్షన్ పెట్టినవారు ఆ ఆప్షన్‌ను సమర్థించుకోవాలని అడుగుతారు. ఆధారంగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యమే చూపాలి, గైడు మాట చెల్లదు. అండోత్సర్గంలో గ్రాఫియన్ పుటిక (అండాశయంలో అండకణాన్ని పెంచే సంచి) నుంచి విడుదలయ్యేది ఏది అన్న ప్రశ్నకు సగం మంది సెకండరీ ఊసైట్ (ఇంకా పూర్తిగా పరిపక్వం కాని అండకణం) అనీ, మిగిలినవారు ఓవమ్ (పరిపక్వ అండం) అనీ పెట్టారు. ఒక అమ్మాయి పన్నెండో తరగతి పుస్తకం తెరిచి, పుటిక పగిలి సెకండరీ ఊసైట్ విడుదలవుతుందన్న వాక్యం చదివింది. వెంటనే మరో కుర్రవాడు, ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఉధృతి వల్ల ఓవమ్ విడుదలవుతుందని అదే పాఠంలో ఉన్న వాక్యాన్ని చూపించాడు. ఇద్దరినీ పూర్తిగా మాట్లాడనిచ్చాక, శుక్రకణం ప్రవేశించిన తరువాతే రెండో మియోటిక్ విభజన (అండం తయారయ్యే చివరి కణ విభజన) పూర్తవుతుంది కాబట్టి సెకండరీ ఊసైట్ అన్నదే కచ్చితమైన జవాబని లెక్చరర్ తేల్చారు. ఓవమ్ అని ఇచ్చిన తమ కేంద్రం కీని అక్కడికక్కడే సరిదిద్దారు కూడా. పిల్లల ఎదుట సొంత కీని దిద్దుకునే ఆ నిజాయితీని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను.

ఈ సాధన వృథా పోదు. 2024 నీట్‌లో పరమాణువులపై వచ్చిన ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు పాత, కొత్త పాఠ్యపుస్తకాల వల్ల మొదట రెండు జవాబులను అంగీకరించారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల అభిప్రాయం తీసుకున్నాక ఒక్క జవాబే నిలిచింది, ఫలితాలను సవరించవలసి వచ్చింది. నీట్ నిర్వహించే సంస్థ ఎన్‌టీఏ ఇచ్చే ప్రాథమిక కీపై అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు చెల్లించాలి, అవి తిరిగి రావు. ఏ అభ్యంతరం నిలబడుతుందో, ఏది కేవలం ఆశో విడదీసి చూడడం విద్యార్థికి ముందే అలవడి ఉండాలి.

లోపాలూ ఉన్నాయి. వృక్షశాస్త్రానికే సమయమంతా పోయి, జంతుశాస్త్రంలో చివరి ప్రశ్నలను హడావిడిగా ముగిస్తారు. ముందు వరుసలో గట్టిగా మాట్లాడే కొందరే వాదన నడిపిస్తారు, బిడియపడే పిల్లలను పేరు పెట్టి పిలిచి అడగడం లేదు. తేలిన జవాబులను, వాటి కారణాలను రాసి ఇవ్వకపోవడం మరింత పెద్ద లోటు, ఎందుకంటే ఆ రోజు రాలేకపోయిన విద్యార్థికి ఈ చర్చలో ఒక్క ముక్క కూడా దక్కదు. జంతుశాస్త్రానికి వేరే పూట కేటాయించి, సవరించిన కీతో పాటు ఆధార వాక్యాలున్న కాగితం నోటీసు బోర్డులో పెడితే, ఈ తరగతి కోసమే ఆ కేంద్రంలో చేర్పించమని తోటి తల్లిదండ్రులకు చెబుతాను.