రెండడుగుల ప్లాంటెడ్ ట్యాంక్: నాలుగు ఎండాకాలాలు దాటాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ నీళ్లతో ప్లాంటెడ్ ట్యాంక్, అంటే చేపలతో పాటు నిజం మొక్కలు పెంచే అక్వేరియం, పెట్టుకోవచ్చా అంటే నిక్షేపంగా పెట్టుకోవచ్చు, కానీ వీడియోల్లో చూసి మనం మనసు పారేసుకునే ఆ ట్యాంక్ మాత్రం రాదు. కింద మొత్తం పచ్చిక, మధ్యలో నాలుగు రాళ్లు, పైన నియాన్ టెట్రాల గుంపు, ఆ రకం. తకాషి అమానో అనే జపాన్ ఫొటోగ్రాఫర్ 1982లో కంపెనీ పెట్టి ప్రపంచానికి అలవాటు చేసిన స్టైల్ అది, చూడ్డానికి అద్భుతమే, కాదనను. కాకపోతే దానికి సాఫ్ట్ వాటర్ (సున్నం లాంటివి తక్కువుండే నీళ్లు) కావాలి, మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే సీఓటూ సిలిండర్ కావాలి, నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉండాలి, మన దగ్గర మే నెలలో ఈ మూడూ డబ్బు పోస్తే తప్ప దొరకవు. మన నీళ్లకి, మన ఎండకి ఏది తట్టుకుంటుందో అదే పెట్టుకుంటే మాత్రం ఇంత తక్కువ చాకిరీతో ఇంత అందం ఇంకోటి లేదనిపిస్తుంది నాకు.

నాది 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు, 6 ఎంఎం గ్లాస్, లోకల్‌గా అతికించి ఇచ్చిందే. లెక్కకి 70 లీటర్లు, మట్టీ రాళ్లూ పోను నీళ్లు పట్టేది 55, 60 మధ్య. నిండాక బరువు 90 కిలోలు ఈజీగా దాటుతుంది, అందుకని టీవీ స్టాండ్ మీద, కంప్యూటర్ టేబుల్ మీద పెడదామనే ఆలోచన ఉంటే మానుకోండి. కింద థర్మాకోల్ షీట్ తప్పనిసరి, స్టాండ్ ఏమాత్రం ఎగుడుదిగుడున్నా బరువంతా ఒక మూల పడి గ్లాస్ చిట్లుతుంది. స్టాండ్, లైట్, ఫిల్టర్ అన్నీ కలిపి పది వేల లోపు అయింది. ఈశాన్యంలో పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టారు, అదృష్టం కొద్దీ అక్కడ కిటికీ ఎండ నేరుగా పడదు కాబట్టి నేనూ గొడవ పడలేదు :)

ఇక అసలు సంగతి నీళ్లు. మా సంపులో బోరు నీళ్లు, కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు అన్నీ కలిసిపోతాయి, ఏ రోజు ఏది ఎంత అనేది వాచ్‌మన్‌కే తెలియాలి. మూడొందలు పెట్టి టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, ట్యాంక్ కంటే ముందు అది కొనండి. మా దగ్గర వానలప్పుడు 400 చూపించేది ఏప్రిల్ వచ్చేసరికి 900 దాటుతుంది. టీడీఎస్ అంటే మొత్తం కరిగిన లవణాల లెక్క, హార్డ్‌నెస్ ఒక్కటే కాదు, కానీ గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకుంటోందంటే అందులో సున్నం బాగానే ఉన్నట్టు. అలాంటి నీళ్లలో కొన్ని మొక్కలు హాయిగా పెరుగుతాయి, కొన్ని ఎంత సేవ చేసినా కుళ్లిపోతాయి. నేను చేసేదల్లా మీటర్ చూసుకుంటూ సంపు నీళ్లలో తగినన్ని ఆర్వో నీళ్లు కలిపి 300 నుంచి 400 మధ్యకి తెచ్చి పోయడం. మొత్తం ఆర్వో నీళ్లే పోస్తే పోలా అంటారు చాలామంది, పోదండి, అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్‌ని పట్టి ఉంచే బైకార్బోనేట్లు ఉండవు, పీహెచ్ ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది. కుళాయి నీళ్లు వచ్చిన రోజు క్లోరిన్ వాసన ఉంటుంది కదా, దానికి చేపల కొట్లో హైపో అని తెల్లటి పలుకులు అమ్ముతారు, సోడియం థయోసల్ఫేట్ అది, బకెట్‌కి రెండు మూడు పలుకులు చాలు. వారానికోసారి పాతిక శాతం నీళ్లు మారుస్తా, అంటే ఒక బకెట్ లోపే.

రాళ్ల గురించి ఒక మాట, ఇది మన ఏరియాకి ప్రత్యేకం. ఇంట్లో మిగిలిన తాండూరు బండ ముక్కలు, షాబాద్ ముక్కలు, వంటగట్టు కడప రాయి ముక్కలు అందంగా ఉన్నాయని ట్యాంక్‌లో పేర్చేస్తుంటారు, అవన్నీ సున్నపురాయి జాతే, నెమ్మదిగా కరుగుతూ అసలే హార్డ్ వాటర్‌ని ఇంకా హార్డ్ చేస్తాయి. ఊరి బయట ఎక్కడపడితే అక్కడ దొరికే మన గ్రానైట్ రాయి మాత్రం బంగారం, నీళ్లలో దేన్నీ వదలదు. అనుమానంగా ఉంటే రాయి మీద బాత్రూం కడిగే యాసిడ్ చుక్క వేసి చూడండి, బుస్సుమని పొంగిందంటే వద్దు, పొంగకపోతే బాగా కడిగి వాడుకోవచ్చు.

అడుగున మొదట అక్వాసాయిల్ (అక్వేరియం మొక్కల కోసం అమ్మే ప్రత్యేకమైన మట్టి గుళికలు) వేశా, ఏడాదిన్నర పైన నడిపా. మొక్కలకి చాలా మంచిది, అందులో సందేహం లేదు, వేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ హార్డ్ వాటర్‌లో దాని పీహెచ్ తగ్గించే గుణం తొందరగా అయిపోతుంది, తర్వాత అది ఖరీదైన మట్టి అంతే. ఇప్పుడున్నది జల్లెడ పట్టిన ఎర్రమట్టి, కొంచెం వర్మీ కంపోస్ట్, అంగుళం మందం, దాని మీద అంగుళంన్నర సిలికా ఇసుక, వాటర్ ప్లాంట్ల ఫిల్టర్లలో వేసేది. దీని ఖర్చు అక్వాసాయిల్ ఖర్చులో పదో వంతు ఉండదు, మొక్కల ఎదుగుదలలో తేడా నాకైతే పెద్దగా కనిపించలేదు. ఒకటే ఇబ్బంది, మొక్కని పీకి ఇంకోచోట నాటితే మట్టి పైకి లేచి నీళ్లు రెండు రోజులు టీ రంగులో ఉంటాయి. ఊరికే చేతులు పెట్టి సర్దుతుండేవాళ్లకి మట్టి ట్యాంక్ పనికిరాదు. ఏది వేసినా మొదటి నెల చేపలు వద్దు, రెండూ అమ్మోనియా వదులుతాయి, దాన్ని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల ట్యాంక్ ఫిల్టర్ స్పాంజ్ పిండిన మురికి నీళ్లు తెచ్చి పోస్తే ఇంకా తొందరగా అవుతుంది, సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కంటే ఇదే నయం.

మొక్కలు. నాలుగేళ్లుగా చెక్కుచెదరనివి అనుబియాస్, క్రిప్టోకొరైన్ వెండ్టై, వాలిస్నేరియా. వాలిస్నేరియా అయితే హార్డ్ వాటర్ అంటే పండగే దానికి, నీళ్లలోని బైకార్బోనేట్ నుంచి కూడా కార్బన్ లాక్కోగలదు, మూడు మొక్కలు పెడితే ఏడాదికి వెనక గోడంతా అదే. క్రిప్ట్ నాటిన వారానికి ఆకులన్నీ జావగా కరిగిపోతాయి, చచ్చిపోయిందని పీకి పారేయకండి, చోటు మారితే అది చేసే పనే అది, వేరు బతికే ఉంటుంది, నెలకి కొత్త ఆకులు వస్తాయి. అనుబియాస్ దుంపని ఇసుకలో పాతొద్దు, కుళ్లుతుంది, రాయికో చెక్కకో దారంతో కట్టి వదిలేయండి. రొటాలా రొటండిఫోలియా, హైగ్రోఫిలా పాలీస్పెర్మా రెండూ మన దేశం మొక్కలే కాబట్టి ఎండాకాలం లెక్కే లేదు వాటికి. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం ఈ హైగ్రోఫిలా జోలికి వెళ్లొద్దు, అక్కడ ఫెడరల్ నాక్షియస్ వీడ్ లిస్టులో ఉంది, మన హైడ్రిల్లా కూడా అదే లిస్టులో ఉంది. మోంటీ కార్లో, హెయిర్ గ్రాస్ లాంటి కార్పెట్ మొక్కలు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాలా ఆశ పెట్టాయి, ఏప్రిల్‌లో పసుపెక్కి తేలిపోయాయి. జావా మాస్ కూడా ఎండలకి సగం పోతుంది, వానలు పడ్డాక మళ్లీ లేస్తుంది.

ఎండాకాలం అంటే గుర్తొచ్చింది, నన్నడిగితే మన దగ్గర ఈ హాబీకి అసలు పరీక్ష అదే. ఫ్యాన్ లేకపోతే మా హాల్లో ట్యాంక్ నీళ్లు 32, 33 దాకా వెళ్తాయి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైన పట్టే ఆక్సిజన్ 32కి వచ్చేసరికి 7 చిల్లరకి పడిపోతుంది, అదే టైంలో చేపలకి, బ్యాక్టీరియాకి కావాల్సింది పెరుగుతుంది, రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజనే వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. ఎనిమిదొందలకి వచ్చే చిన్న క్లిప్ ఫ్యాన్ నీళ్ల మీదకి వాలుగా పెడితే మూడు డిగ్రీలు తగ్గుతుంది, కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇదీ. మన దగ్గర పొడి ఎండ కాబట్టి పనిచేస్తుంది, వైజాగ్‌లో ఉన్న మా తమ్ముడికి ఆ ఉక్కలో డిగ్రీ తగ్గడమే గగనం. ఫ్యాన్ పెడితే రోజుకి లీటర్ పైనే ఆవిరైపోతుంది, లవణాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి, దాన్ని సంపు నీళ్లతో నింపుతూ పోతే నెల తిరిగేసరికి టీడీఎస్ ఎక్కడికో వెళ్తుంది, అలా ఆవిరైన లోటుకి మాత్రం ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. నీళ్లని చల్లబరిచే చిల్లర్ మెషిన్‌కి ఫ్రిజ్ ధర చెప్తున్నారు, రెండడుగుల ట్యాంక్‌కి అంత అక్కర్లేదు. హీటర్ కొన్నా గానీ డిసెంబర్ చలిలో తప్ప అది సొరుగులోనే ఉంటుంది.

సీఓటూ ఏడాది పాటు వాడా, సిలిండర్ కాదు, నిమ్మ ఉప్పు, వంట సోడా చెరో 200 గ్రాములు రెండు సీసాల్లో పోసి నడిపే కిట్. పనిచేస్తుందా అంటే చాలా బాగా పనిచేస్తుంది, రొటాలా ఎర్రగా తిరిగింది, సీఓటూ ఎంతుందో చూపించడానికి లోపల వేలాడదీసిన గాజుబుడ్డిలో రంగునీళ్లు ఆకుపచ్చగా ఉన్నంతవరకు చేపలకీ ఏం కాలేదు (నీలం అంటే చాల్లేదు, పసుపు అంటే ప్రమాదం). కానీ వారం వారం కత్తిరింపులు, రెండు వారాలకోసారి సీసాలు నింపడం, ఒక్కసారి అయిపోయి రెండ్రోజులు ఆలస్యమైతే నల్లటి బ్రష్ లాంటి నాచు ప్రత్యక్షం. ఆపేశాక ఎదుగుదల మూడో వంతుకి పడిపోయింది, నాకు ప్రశాంతత పెరిగింది. లిక్విడ్ కార్బన్ అని అమ్మేది నిజానికి గ్లూటరాల్డిహైడ్, ఆసుపత్రుల్లో పరికరాలు శుభ్రం చేసే మందు, నాచుని చంపుతుంది నిజమే, వాలిస్నేరియాని కూడా కరిగిస్తుంది. ఆ నల్ల నాచుకి మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సిరంజితో ఫిల్టర్ ఆపి నేరుగా దాని మీదే వదులుతా, మొత్తం ట్యాంక్‌కి 10 ఎంఎల్ దాటనివ్వను, రెండ్రోజుల్లో ఎర్రబడి పోతుంది. లైట్ టైమర్ మీద రోజుకి ఆరేడు గంటలే, అంతకు మించితే పెరిగేది మొక్కలు కాదు నాచు. కొత్త ట్యాంక్‌లో గోధుమ రంగు పొర వస్తే కంగారు పడొద్దు, దానంతటదే పోతుంది.

ఎరువుల విషయంలో ఈ హాబీలో జరిగేంత దోపిడీ ఇంకెక్కడా లేదేమో. అక్వేరియం సీసాలో వందలు పోసి కొనేది మన రైతులు మిర్చికి, టమాటాకి డ్రిప్‌లో వదిలే 13-0-45, 0-52-34 ఇవే, పొటాషియం నైట్రేట్, మోనో పొటాషియం ఫాస్ఫేట్. ఎరువుల కొట్లో కిలో ప్యాకెట్ రెండు మూడొందలు, నాది ఇంకా సగం కూడా అవ్వలేదు. ఎన్నెకరాలండీ అని అడుగుతాడు కొట్టాయన, రెండడుగులు అని చెప్పలేం కదా. 60 లీటర్ల నీళ్లకి 13-0-45 ఒక గ్రాము వేస్తే నైట్రేట్ 10 పీపీఎం (లీటరుకి 10 మిల్లీగ్రాములు) పెరుగుతుంది, 0-52-34 గ్రాములో పదో వంతు వేస్తే ఫాస్ఫేట్ ఒక పీపీఎం, వారానికి అంతే, సీఓటూ లేకపోతే అందులో సగం. పాత ఆకుల్లో చిల్లులు పడితే పొటాషియం తక్కువ, కొత్త ఆకులు తెల్లబారితే ఐరన్ తక్కువ. 19-19-19 మాత్రం వేయకండి, అందులో యూరియా, అమ్మోనియం ఉంటాయి, చేపలు పోతాయి.

ఫిల్టర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మామూలు స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్, ఇన్వర్టర్‌కి కలిపేశా. స్పాంజ్ తీసి ట్యాంక్ నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కాదు. కరెంట్ నెలకి లైట్‌తో కలిపి ఏడు యూనిట్లు.

చేపల్లో నియాన్ టెట్రాలు మన నీళ్లకి, మన వేడికి సరిపడవు, ఎవరేం చెప్పినా. గప్పీలు, ప్లాటీలు హార్డ్ వాటర్‌లో బాగా ఉంటాయి, మరీ బాగా ఉంటాయి, ఆరు నెలలకి పిల్లల్ని ఎవరికివ్వాలా అని చూడాలి. నా దగ్గర ఇప్పుడు చెర్రీ బార్బ్‌లు, హనీ గౌరామి జంట, లెక్కలేనన్ని చెర్రీ రొయ్యలు. రొయ్యలున్న ఇంట్లో దోమల స్ప్రే కొట్టకూడదు, అందులో ఉండే పైరెత్రాయిడ్ మందు చేపలకే విషం, రొయ్యలకి ఇంకా ఎక్కువ. ఎయిర్ పంప్ గదిలో గాలినే లోపలికి తోస్తుంది కాబట్టి వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినిపించగానే పంప్ ఆపి, కిటికీ మూసి, ట్యాంక్ మీద తడిగుడ్డ కప్పేస్తా. కొత్తగా కొన్న మొక్కలకి కూడా నర్సరీ మందు అంటుకుని ఉండొచ్చు, వారం రోజులు వేరే టబ్బులో నీళ్లు మారుస్తూ ఉంచాకే లోపల పెట్టాలి, నత్తల బెడద ఉంటే ముందు పటిక నీళ్లలో కాసేపు నానబెట్టండి.

ఊరెళ్లాల్సి వస్తే ఎలా అని అందరూ అడుగుతారు. సంక్రాంతికి వారం పది రోజులు వెళ్తాం, ఆటోమేటిక్ ఫీడర్ లేదు, ఏమీ లేదు. ముందురోజు నీళ్లు మార్చి అంచుదాకా నింపి, లైట్ టైమర్ ఐదు గంటలకి తగ్గించి తాళం వేస్తాం, ఆ పది రోజులు చేపలు మట్టిలో పురుగూ నాచూ ఏరుకు తింటాయి. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి వెళ్తుంటే మాత్రం మేత డబ్బా బీరువాలో దాచేసి వెళ్లండి, పాపం ఆకలేస్తుందేమోనని జాలిపడి పిడికెడు పోస్తారు.